ఫ్రెంచి భాషలో మర్యాద పలుకులు

ఫ్రెంచి భాషలో మర్యాద పలుకులు అంటే పలకరింపు, కోరిక, కృతజ్ఞత, క్షమాపణ, వీడ్కోలు వంటి సందర్భాలలో ఫ్రెంచి మాట్లాడేవారు తప్పనిసరిగా వాడే స్థిరమైన మాటలు. వీటిని ఆ భాషలో "ఫొర్మ్యుల్ ద పొలితెస్" అంటారు. "మర్యాద సూత్రాలు" అని దీని అర్థం. సంఖ్యలో ఇవి కొద్దివే. శ్రద్ధ ఉన్న విద్యార్థి వీటిని కొద్ది రోజులలోనే కంఠస్థం చేయగలడు. వీటిని ఎప్పుడు, ఏ వరుసలో పలకాలి అన్న విషయంలోనే అసలు కష్టం ఉంది.

తెలుగులో మర్యాద చాలావరకు క్రియాపదం చివరన, సంబోధనలో ఇమిడి ఉంటుంది. "ఒక కాఫీ ఇవ్వండి" అన్నప్పుడు చివరి "అండి" ఆ పని చేసేస్తుంది. "దయచేసి", "ధన్యవాదాలు" అనే మాటలు సభలలో, ప్రకటనలలో వినబడతాయి గాని ఇంట్లోనో, వీధి చివరి దుకాణంలోనో వాడితే ఎబ్బెట్టుగా ఉంటాయి. ఫ్రెంచిలో మర్యాద విడి మాటలలో ఉంటుంది, వాటిని పైకి పలకాలి. "ఒక కాఫీ ఇవ్వండి" అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్లుగా "దొనే మ్వా అఁ కఫే" అని మారిస్తే వ్యాకరణం సరిగానే ఉంటుంది, గౌరవ బహువచనం కూడా ఉంటుంది. అయినా వినేవారికి అది ఆజ్ఞలాగే తోస్తుంది. ఫ్రెంచివారు, ముఖ్యంగా పారిస్ వాసులు, పరాయివారితో ముభావంగా ఉంటారన్న పేరుకు కారణాలలో ఇటువంటి అపార్థం ఒకటి. వచ్చినవారు పలకరించకుండా పని చెప్పారని వారు నొచ్చుకుంటారు, వచ్చినవారేమో తమకు ఆదరణ దొరకలేదని నొచ్చుకుంటారు.

ఉచ్చారణ

ఫ్రెంచిలోని అనునాసిక అచ్చులను తెలుగులో వ్రాయడానికి అరసున్న చక్కగా ఉపయోగపడుతుంది. "బోఁజూర్"లోని "ఓఁ" పలికేటప్పుడు గాలి ముక్కు గుండా పోతుంది గాని "న్" అన్న హల్లు వినబడదు. నిండుసున్నతో "బోంజూర్" అని పలకడం తెలుగువారు తరచుగా చేసే పొరపాటు. "జూ"లోని ధ్వని కూడా "జలం"లోని "జ" కాదు. "ష" పలికే స్థానంలోనే నాలుకను ఉంచి, గొంతులోని నాదాన్ని కలిపితే ఆ ధ్వని వస్తుంది.

"త్యూ", "సల్యూ" వంటి మాటలలోని అచ్చు తెలుగులో లేదు. పెదవులను "ఊ" అన్నట్లు గుండ్రంగా చుట్టి, నాలుకతో "ఈ" పలకాలి. ఫ్రెంచి "ర" నాలుక కొనతో కాక గొంతు వెనుక భాగంలో పుడుతుంది. ఇది కుదరకపోయినా అర్థం చెడదు. దక్షిణ ఫ్రాన్సులోని కొన్ని పల్లెలలో పెద్దవారు నాలుక కొనతోనే "ర" పలికేవారు.

పలకరింపు

మర్యాద పలుకులన్నిటిలో మొదటిది, విడువరానిది "బోఁజూర్". "బోఁ" అంటే మంచి, "జూర్" అంటే రోజు. ఉదయం నుండి సాయంత్రం వరకు ఈ ఒక్క మాటే సరిపోతుంది. చీకటి పడే వేళకు "బోఁస్వార్" (శుభ సాయంత్రం) అంటారు. "బొన్ న్యుయీ" (శుభరాత్రి) పలకరింపు కాదు, నిద్రపోయే ముందు మాత్రమే వాడేది. రాత్రి భోజనానికి వచ్చిన అతిథికి ఎదురేగి "బొన్ న్యుయీ" అంటే ఇక పడుకోబోతున్నామని చెప్పినట్లు అవుతుంది.

దుకాణంలో అడుగుపెట్టగానే, బస్సు ఎక్కుతూ డ్రైవరుతో, వైద్యుని వద్ద వేచి ఉండే గదిలో అప్పటికే కూర్చున్నవారితో, లిఫ్టులో ఇరుగుపొరుగువారితో "బోఁజూర్" చెప్పడం ఆచారం. దారి అడగాలన్నా, గంట ఎంతయిందో తెలుసుకోవాలన్నా ముందు ఇదే చెప్పాలి. ప్రశ్న చివర "దయచేసి" అని ఎంత వినయంగా అన్నా మొదట "బోఁజూర్" లేకపోతే ఆ లోటు తీరదు. కొందరు ఉద్యోగులు, దుకాణదారులు ప్రశ్నకు జవాబివ్వకుండా ముందు తామే "బోఁజూర్" అని గట్టిగా పలికి ఆగుతారు. ఎదుటివారు తిరిగి పలికిన తరువాతనే మాట ముందుకు సాగుతుంది.

2013లో నీస్ నగరంలోని ఒక కాఫీ దుకాణం వారు పెట్టిన ధరల పలక పత్రికలలో ప్రచారం పొందింది. దాని ప్రకారం "ఒక కాఫీ" అని మాత్రమే అడిగితే 7 యూరోలు, "ఒక కాఫీ, దయచేసి" అంటే 4.25 యూరోలు, "బోఁజూర్, ఒక కాఫీ, దయచేసి" అంటే 1.40 యూరోలు. ఇది హాస్యానికి పెట్టినదే అయినా, "బోఁజూర్"కు "దయచేసి" కంటే కూడా ఎంత విలువ ఉందో ఆ అంకెలను బట్టి తెలుస్తుంది.

ఒకే వ్యక్తికి ఒకే రోజు రెండుసార్లు "బోఁజూర్" చెప్పరు. అలా చెబితే ఉదయం కలిసిన సంగతి మరచిపోయారని భావిస్తారు. పొరపాటున అంటే నవ్వుతూ "రెబోఁజూర్" (మళ్ళీ బోఁజూర్) అని సరిదిద్దుకుంటారు. స్నేహితుల మధ్య "సల్యూ" అంటారు. కలిసినప్పుడూ విడిపోయేటప్పుడూ ఇదే మాట పనికివస్తుంది. పలకరింపు తరువాత "సా వా?" (బాగున్నావా?) అనీ, గౌరవంగా అయితే "కొమాఁ తలే వూ?" (ఎలా ఉన్నారు?) అనీ అడుగుతారు. "బాగున్నారా?" అన్న తెలుగు ప్రశ్నకు మాదిరిగానే దీనికి కూడా ఆరోగ్య వివరాలు చెప్పనవసరం లేదు.

ఫోనులో "అలో" అంటారు, ఎదురుగా ఉన్న మనిషితో అనరు. పరిచయస్థుల మధ్య చెంపకు చెంప తాకించే "బీజ్" అనే పద్ధతి కూడా ఉంది. ఎన్నిసార్లు తాకించాలన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. 2020లో కోవిడ్ వ్యాప్తి వలన దీనిని మానుకోవాలని ప్రభుత్వం సూచించింది.

వూ, త్యూ

తెలుగులోని "మీరు", "నువ్వు" వలెనే ఫ్రెంచిలో "వూ", "త్యూ" ఉన్నాయి. ఆంగ్లంలో నేటి వాడుకలో ఈ భేదం లేదు. అందువలన ఈ విషయంలో ఆంగ్లేయుల కంటే తెలుగు విద్యార్థికి పని సులువు. అయితే రెండు భాషల హద్దులు ఒకటి కావు. తెలుగు ఇళ్ళలో తండ్రిని, తాతను, అత్తమామలను "మీరు" అనడం చాలాచోట్ల ఉంది. భార్య భర్తను "మీరు" అంటే భర్త భార్యను "నువ్వు" అనడం కూడా ఉంది. నేటి ఫ్రెంచి కుటుంబంలో అమ్మమ్మ మొదలు మనుమడి వరకు అందరూ ఒకరినొకరు "త్యూ" అనుకుంటారు. కొన్ని పాత ఉన్నత కుటుంబాలలో మాత్రం "వూ" నిలిచి ఉంది. మాజీ అధ్యక్షుడు జాక్ షిరాక్, ఆయన భార్య బెర్నదెత్ ఒకరినొకరు "వూ" అనుకొనేవారు.

ఇంటి బయట పరిచయం లేని పెద్దవారందరినీ "వూ" అనాలి. కూరలమ్మే వ్యక్తి అయినా, ఇల్లు శుభ్రం చేసే వ్యక్తి అయినా, పోలీసు అధికారి అయినా ఇదే నియమం. వృత్తిని బట్టో, సంపదను బట్టో ఎదుటివారిని "త్యూ" అనడం అవమానం. ఆటో డ్రైవరును, హోటలులో బల్లలు తుడిచే కుర్రవాడిని "నువ్వు" అనడం అలవాటైనవారు ఈ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. చిన్నపిల్లలను ఎవరైనా "త్యూ" అనవచ్చు. "వూ" నుండి "త్యూ"కు మారడానికి అనుమతి అడగడం పద్ధతి: "ఓఁ ప స త్యుత్వాయే?" (మనం నువ్వు అనుకోవచ్చా?). సాధారణంగా పెద్దవారు గాని, పై స్థానంలో ఉన్నవారు గాని ముందు ఈ మాట ఎత్తుతారు. "త్యుత్వాయే" అంటే "త్యూ అని పిలవడం". తెలుగులో "ఏకవచనంతో పిలవడం" అనే మాటకు ఇది దగ్గరగా ఉంటుంది.

ఫ్రెంచి విప్లవ కాలంలో ఈ భేదం రాజకీయ వివాదం అయింది. "వూ" రాచరికపు అవశేషమనీ, పౌరులందరూ సమానులు కనుక అందరూ "త్యూ" అనే అనుకోవాలనీ 1793లో ఒక విన్నపం జాతీయ కన్వెన్షన్ ముందుకు వచ్చింది. కన్వెన్షన్ దానిని చట్టం చేయలేదు గాని కొంతకాలం "త్యూ" బాగా వ్యాపించింది. ఆ వేడి చల్లారిన తరువాత "వూ" తిరిగి వచ్చింది. 1968 నాటి విద్యార్థి ఉద్యమం తరువాత విశ్వవిద్యాలయాలలోను, కార్యాలయాలలోను సమవయస్కుల మధ్య "త్యూ" మరల పెరిగింది.

తెలుగులోని వాడు, అతడు, ఆయన, వారు వంటి అంతరాలు ఫ్రెంచిలో లేవు. ఎదుట లేని పురుషుని గురించి చెప్పేటప్పుడు, అతడు దొంగ అయినా దేశాధ్యక్షుడు అయినా, "ఇల్" అన్న ఒకే మాట ఉంటుంది.

సంబోధన

"బోఁజూర్" తరువాత పురుషునికి "మస్యో", స్త్రీకి "మదామ్" చేర్చితే మర్యాద పూర్తవుతుంది. మొదటిదానికి "నా ప్రభువు", రెండవదానికి "నా దొరసాని" అని మూలార్థాలు. ఆ అర్థాలు ఇప్పుడు ఎవరికీ స్ఫురించవు. తెలుగులో "గారు" చేర్చినట్లు పేరు చివర వీటిని చేర్చరు. అసలు పేరే అవసరం లేదు. అన్నా, అక్కా, బాబాయి, అంకుల్ వంటి బంధువాచకాలతో కొత్తవారిని పిలవడం ఫ్రాన్సులో లేదు. వయసు మళ్ళిన అపరిచితురాలిని ఫ్రెంచిలో "అవ్వా" అని పిలిస్తే ఆమెకు ఆప్యాయత కనిపించదు, కోపం వస్తుంది.

పెళ్ళికాని స్త్రీని "మద్మ్వాజెల్" అనడం పూర్వపు ఆచారం. పురుషునికి లేని ఈ విభజన స్త్రీకి ఎందుకని స్త్రీవాద సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 2012 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి కార్యాలయం ఒక ఉత్తరువు ద్వారా ప్రభుత్వ పత్రాలలో ఈ మాటను తొలగించమని ఆదేశించింది. మాటలలో ఇంకా అక్కడక్కడ వినబడుతున్నా, కొత్తగా నేర్చుకునేవారు పెద్దవారైన స్త్రీలందరినీ "మదామ్" అనడమే మేలు.

2018 జూన్ 18న పారిస్ సమీపంలోని మోఁ వలేరియాఁ వద్ద జరిగిన సంస్మరణ సభలో ఒక పాఠశాల విద్యార్థి దేశాధ్యక్షుడు ఎమ్మాన్యుయేల్ మాక్రోఁను ముద్దుపేరుతో "సా వా, మాన్యూ?" అని పలకరించాడు. అధ్యక్షుడు అక్కడికక్కడే అతడిని మందలించి, తనను "మస్యో" అనో, "గణతంత్ర అధ్యక్షా" అనో పిలవమని చెప్పాడు. మందలిస్తూ ఆ విద్యార్థిని ఆయన "త్యూ" అనే అన్నాడు. అధ్యక్షుడు చేసినది సరియా కాదా అని ఫ్రాన్సులో చాలా చర్చ జరిగింది.

"మస్యో" అన్న మాట తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో పాల్గొన్న ఫ్రెంచి సేనాని బుస్సీని తెలుగువారు "మూసాబూసీ" అన్నారు. ఆ "మూసా" ఈ "మస్యో"యే. నిజాం కొలువులో పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను హైదరాబాదు ప్రజలు "మూసారాం" అని పిలిచారు. నగరంలోని మూసారాంబాగ్ అన్న పేరు ఆయన వలననే వచ్చిందని చెబుతారు.

కోరడం

"దయచేసి" అనడానికి "సిల్ వూ ప్లే" అంటారు. "మీకు ఇష్టమైతే" అని దీని అర్థం. "త్యూ" అని పిలిచేవారితో ఇది "సిల్ త ప్లే" అవుతుంది. ఈ మాటను తెలుగువారు తెలియకుండానే ఎన్నోసార్లు చూసి ఉంటారు. పెళ్ళి ఆహ్వాన పత్రికల చివర కనిపించే "ఆర్.ఎస్.వి.పి." అన్నది "రెపోఁదే సిల్ వూ ప్లే" అన్న ఫ్రెంచి వాక్యానికి సంక్షిప్త రూపం. "దయచేసి జవాబివ్వండి" అని దాని అర్థం. వస్తున్నదీ లేనిదీ ముందుగా తెలుపమని కోరడం దాని ఉద్దేశం.

"నాకు కావాలి" అనడానికి "జ వ" అన్న సూటి రూపం ఉంది. చిన్నపిల్లలు మారాం చేసేటప్పుడు వాడే రూపమది. పెద్దలు "జ వుద్రే" అంటారు. ఇది "వీలైతే నాకు కావాలని ఉంది" అన్న ఛాయనిచ్చే క్రియారూపం. ఎదుటివారిని పని అడగడానికి "పూర్రియే వూ...?" (మీరు ... చేయగలరా?) అన్నది అదే పద్ధతిలో ఏర్పడిన రూపం. తెలుగులో "కాస్త ఆ పుస్తకం ఇటివ్వండి", "కొంచెం జరగండి" అన్నప్పుడు "కాస్త", "కొంచెం" పరిమాణాన్ని సూచించవు, ఆజ్ఞను మెత్తబరుస్తాయి. ఫ్రెంచిలో "ప్తీ" (చిన్న) అన్న విశేషణం అప్పుడప్పుడు ఇదే పని చేస్తుంది. హోటలువాడు "చిన్న కాఫీ తాగుతారా?" అంటే కప్పు చిన్నదని కాదు.

కృతజ్ఞత

"మెర్సీ" అంటే కృతజ్ఞత. "మెర్సీ బోకూ" అంటే చాలా కృతజ్ఞతలు. లాటిన్‌లో కూలి, ప్రతిఫలం అన్న అర్థం గల పదం నుండి ఇది పుట్టింది. అనుగ్రహం, కరుణ అన్న అర్థాలు మధ్యలో చేరాయి. ఆంగ్లంలో కరుణకు వాడే "మెర్సీ" కూడా పాత ఫ్రెంచి నుండి వెళ్ళినదే. చిల్లర తిరిగి ఇచ్చినందుకు, తలుపు పట్టుకున్నందుకు, ఉప్పు అందించినందుకు కూడా ఈ మాట చెప్పాలి. ఇంటివారికి సైతం చెబుతారు. కన్నతల్లికి ధన్యవాదాలు చెప్పడం తెలుగువారికి పరాయితనంగా తోచవచ్చు గాని అక్కడ అది రోజూ జరిగే మాట.

ఈ పదంతో ఒక చిక్కు ఉంది. ఎవరైనా "ఇంకొంచెం వడ్డించమంటారా?" అన్నప్పుడు ఉత్త "మెర్సీ" అంటే చాలావరకు "వద్దు" అనే అర్థం చేసుకుంటారు. కావాలనుకుంటే "వీ, సిల్ వూ ప్లే" (అవును, దయచేసి) అనాలి. తెలుగు ఇళ్ళలో అతిథి మొహమాటానికి ఒకసారి వద్దంటాడు, ఇంటివారు బలవంతపెట్టి వడ్డిస్తారు. ఫ్రెంచి ఇంట్లో రెండవసారి అడగకపోవచ్చు. మొహమాటపడినవాడు ఆకలితో లేవవలసి ఉంటుంది.

"మెర్సీ"కి జవాబుగా "ద ర్యాఁ" (అదేమీ లేదు) అంటారు. గౌరవంగా చెప్పాలంటే "జ వూ జాఁ ప్రీ" అంటారు. తలుపు వద్ద "ముందు మీరు వెళ్ళండి" అనడానికి కూడా ఇదే మాట పనికివస్తుంది.

క్షమాపణ

రద్దీలో చేయి తగిలినా, దారి ఇమ్మని అడగాలన్నా "పార్దోఁ" చాలు. కొత్తవారిని మాటలలోకి దించడానికి "ఎక్స్‌కుజే మ్వా" (నన్ను మన్నించండి) అంటారు. నిజంగా బాధ కలిగించినప్పుడు "జ స్వీ దేజొలే" (విచారిస్తున్నాను) అంటారు. "జ మెక్స్‌క్యూజ్" అన్నది జనం విరివిగా వాడే మాటే అయినా, తన తప్పును తానే మన్నించుకున్నట్లు ఉందని భాషాభిమానులు దానిని ఆక్షేపిస్తారు.

ఎవరైనా తుమ్మితే "ఆ వో స్వే" (మీ కోరికలు నెరవేరాలి) అంటారు. తెలుగు ఇళ్ళలో పిల్లలు తుమ్మినప్పుడు పెద్దలు "చిరంజీవ" అనడం వంటిదే ఇది.

వీడ్కోలు

"ఓ రెవ్వార్" అంటే "మళ్ళీ చూసేవరకు" అని అర్థం. "వెళ్తాను" అనకుండా "వెళ్ళొస్తాను" అనే తెలుగువారికి ఈ భావం వెంటనే అర్థమవుతుంది. "అదియో" (దేవుని చెంతకు) అన్నది శాశ్వత వియోగాన్ని సూచిస్తుంది కనుక మామూలుగా వాడరు. అయితే దక్షిణ ఫ్రాన్సులోను, స్విట్జర్లాండులోను కొందరు కలిసినప్పుడు పలకరింపుగా కూడా దీనినే అంటారు. వీడ్కోలుకు ముందు "బొన్ జూర్నే" (మీ రోజు బాగా గడవాలి), సాయంత్రమైతే "బొన్ స్వారే" చేర్చుతారు.

ఉత్తరాలలో వీడ్కోలు మరీ దీర్ఘంగా ఉంటుంది. ఉద్యోగానికి దరఖాస్తు చివర "మదామ్, మస్యో, నా విశిష్ట భావాల వ్యక్తీకరణను స్వీకరించగోరుతున్నాను" అన్న అర్థం వచ్చే వాక్యం వ్రాయడం సంప్రదాయం. ఈ-మెయిళ్ళు వచ్చిన తరువాత "కొర్దియాల్మాఁ" (హృదయపూర్వకంగా) అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు.

అభ్యాసం

ఈ మాటలను జాబితాగా వల్లించడం కంటే సన్నివేశంగా పైకి పలకడం మంచిది. ఇద్దరు విద్యార్థులు కలిసి ఒకరు దుకాణదారుగా, మరొకరు కొనేవారుగా మారి చేయవచ్చు. రొట్టెల దుకాణంలో జరిగే మామూలు సంభాషణ ఇలా ఉంటుంది.

— బోఁజూర్, మదామ్.
— బోఁజూర్, మస్యో.
— జ వుద్రే యున్ బగెత్, సిల్ వూ ప్లే. (ఒక బగెత్ కావాలి, దయచేసి.)
— వ్వాలా. (ఇదిగో.)
— మెర్సీ. బొన్ జూర్నే!
— మెర్సీ, వూ జొసి. (కృతజ్ఞతలు, మీకు కూడా.) ఓ రెవ్వార్.
— ఓ రెవ్వార్, మదామ్.

ఏడు పలుకులలో రొట్టెకు సంబంధించినవి రెండే, మిగిలినవన్నీ మర్యాదే. మొదట దీనిని నెమ్మదిగా, తరువాత మామూలు వేగంతో, చివరకు సాయంత్రపు మాటలతో మార్చి పలకాలి. ఆ తరువాత రొట్టెకు బదులు రైలు టిక్కెట్టు, మందులు, దారి అడగడం పెట్టుకోవచ్చు. "వూ జొసి"లో రెండు మాటల మధ్య కొత్తగా వినబడే హల్లు సంధి వలన వచ్చింది. విడిగా పలికితే అది ఉండదు. తెలుగు సంధులు తెలిసిన విద్యార్థికి ఈ సూత్రం వివరించనవసరం లేదు గాని, నాలుకకు అలవాటు కావడానికి పదేపదే పలకాలి. "బోఁజూర్" చెప్పిన తరువాత ఒక్క క్షణం ఆగి, ఎదుటివారి "బోఁజూర్" విన్న తరువాతనే కోరిక చెప్పడాన్ని కూడా సాధన చేయాలి. రెంటినీ ఊపిరి తిప్పుకోకుండా కలిపి చెప్పడం కొత్తవారిలో ఎక్కువగా కనిపించే లోపం.

ఇతర ఫ్రెంచి ప్రాంతాలు

కెనడాలోని క్యుబెక్‌లో "త్యూ" వాడకం ఫ్రాన్సులో కంటే విస్తృతం. అక్కడ "మెర్సీ"కి జవాబుగా "బియాఁవెన్యూ" (స్వాగతం) అంటారు. ఫ్రాన్సులో ఈ మాట ఇంటికి వచ్చినవారిని ఆహ్వానించడానికి మాత్రమే. బెల్జియంలో వస్తువు చేతికి అందిస్తూ కూడా "సిల్ వూ ప్లే" అంటారు. సెనెగల్ మొదలైన పశ్చిమ ఆఫ్రికా దేశాలలో ఉత్త "బోఁజూర్" సరిపోదు. ఇంటివారి క్షేమం, ఆరోగ్యం అడిగిన తరువాతనే పని మాట ఎత్తుతారు.

తెలుగునాట ఫ్రెంచి పరిపాలన సాగిన ప్రాంతం యానాం. 1954లో అది భారతదేశ పరిపాలనలోకి వచ్చింది. ఫ్రాన్సు, భారతదేశం 1956లో సంతకం చేసిన విలీన ఒప్పందం 1962లో అమలులోకి వచ్చింది. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించేవరకు ఈ ప్రాంతాలలో ఫ్రెంచి అధికార భాషగా కొనసాగుతుందని ఆ ఒప్పందంలో వ్రాసుకున్నారు. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఫ్రెంచి ఎక్కువగా ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగాను, ఆలియాఁస్ ఫ్రాఁసేజ్ వంటి సంస్థల తరగతులలోను వినబడుతుంది.